చెప్పుకోని ప్రార్థన అంశం

ఇంగ్లండులో మా తెలుగువాళ్ల కూడిక శనివారం సాయంత్రం జరుగుతుంది. ప్రార్థన అంశాలు చెప్పమంటే వీసా, ఇంటి లోను, పిల్లల పరీక్షలు, ఊళ్లో అమ్మ మోకాళ్ల నొప్పులు అన్నీ వస్తాయి. "నాకు ప్రార్థన చెయ్యబుద్ధి కావట్లేదండీ" అని మాత్రం ఎవరూ అనరు. అన్నారంటే "పాపం, చల్లారిపోయాడట" అని మర్నాటికి నాలుగిళ్లకీ పాకుతుంది.

మా రావులపాలెంలో చూసింది వేరు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ కొబ్బరినీ అరటినీ నేలకి పడేసింది. ఆ ఆదివారం మందిరంలో, పెంకులు లేచిపోయిన కప్పులోంచి చాపల మీద ఎండ పడుతుంటే, ఓ మామ్మగారు మోకరించి కొంగు తలమీదికి లాక్కుని పైకే అన్నారు: "తండ్రీ, నీతో మాట్లాడబుద్ధి కావట్లేదయ్యా. కోపంగా ఉంది. అయినా ఇంకెక్కడికెళ్లను?" ఆవిడ ప్రార్థన అంతే. ఎవరూ సరిదిద్దలేదు. పాస్టరుగారు కాసేపాగి ఆమెన్ అన్నారు.

ఆవిడేమీ వాక్యానికి విరుద్ధంగా మాట్లాడలేదు. 88వ కీర్తన చూడండి, చీకటి మాటతోనే ఆగిపోతుంది. ఓదార్పు లేదని దాన్ని బైబిల్లోంచి తీసెయ్యలేదు. మార్కు 9వ అధ్యాయంలో జబ్బుపడిన కొడుకుని తెచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికీ సాయం అడిగాడు. ముందు విశ్వాసం సరిచేసుకుని రమ్మని ప్రభువు అతన్ని వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాక, దేవుడు దగ్గర లేడన్న బాధ ఆమెను ఏళ్ల తరబడి వదల్లేదని లోకానికి తెలిసింది. ఆ ఏళ్లన్నీ ఆమె సేవ మానలేదు.

మరి ఇక్కడ మాకెందుకింత భయం? ఆ మామ్మగారికి మందిరంతో పాటు వీధి ఉంది, చుట్టపక్కాలున్నారు. మాకు కూడికే ఊరు. ఉద్యోగానికి మాటసాయం, పురిటికి తోడు, పిల్లల సంబంధాలు అన్నీ ఆ నలుగురి నుంచే రావాలి. అక్కడ పేరు పోగొట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అందుకే ఎండిపోయిన గుండెతో కూడా గట్టిగా స్తోత్రం చెప్తాం. ఇందులో తప్పు చెప్పుకోలేనివాళ్లది కాదు, వినలేని మాదే అంటాను.

ఈసారి మీ కూడికలో ఎవరైనా నోరు తెరిచి ప్రార్థన చెయ్యలేకపోతున్నానంటే, దయచేసి వాక్యం ఎత్తకండి, ఉపవాసం ఉండమని చెప్పకండి. ఆ వారమంతా వాళ్ల బదులు మీరు ప్రార్థన చెయ్యండి.