బగ్గుల్ని కాపాడేవాళ్ళు

ఉద్యోగంలో నా పని బగ్గులు దిద్దడం. అందుకే చాక్లెట్ డూమ్ సంగతి తెలిసినప్పుడు నవ్వొచ్చింది. 1993లో వచ్చిన డూమ్ ఆటని ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపించడానికి అభిమానులు రాసిన ప్రోగ్రామ్ అది. పాత ఆటలోని బగ్గుల్ని పనిగట్టుకుని అలాగే ఉంచుతుంది. అసలు ఆట ఎక్కడ తట్టుకోలేక ఆగిపోయేదో, ఇదీ అక్కడే ఆగిపోతుంది.

ఎందుకంత పట్టుదల? డూమ్‌లో మనం ఆడిన ఆటని రికార్డు చేసుకోవచ్చు. కానీ ఆ ఫైల్లో వీడియో ఉండదు. ఎటు కదిలాం, ఎటు తిరిగాం, తుపాకీ పేల్చామా లేదా లాంటివి మాత్రమే, సెకనుకి 35 సార్లు రాసి ఉంటుంది. మిగతాదంతా ఆట మళ్ళీ లెక్కగట్టుకుంటుంది. రాక్షసుల ఇష్టారాజ్యం కూడా 256 అంకెల పట్టిక ఒకదాని నుంచే వస్తుంది కాబట్టి ప్రతిసారీ అదే ఆట నడుస్తుంది. లెక్కలో ఎక్కడైనా చిన్న తేడా వచ్చిందా, చావాల్సిన రాక్షసుడు పక్కకి జరుగుతాడు, ఆటగాడు ఉత్త గోడని కాలుస్తూ ఉండిపోతాడు. తొంభైల్లో ఎవరో గెలిచిన ఆట, మనం దిద్దిన బగ్గు వల్ల ఓటమైపోతుంది. తాళపత్రం చూసి ప్రతి రాసే లేఖకుడు మంచి ఉద్దేశంతోనే ఒక మాట మార్చినట్టు.

1997 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ బయటపెట్టబట్టి ఇదంతా కుదిరింది. అదీ లినక్స్ వెర్షన్‌దే. డాస్ వెర్షన్ కచ్చితంగా ఎలా ప్రవర్తించేదో అభిమానులే పాత ఆటని తవ్వి తెలుసుకున్నారు. పూర్తి ఆటలోని లెవెల్సూ బొమ్మలూ మాత్రం ఇప్పటికీ కొనుక్కోవాల్సిందే. డూమ్ కనీసం అమ్మకానికైనా ఉంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవు.

నేను ఐదేళ్ళు పనిచేసిన యాప్‌ని ఒక శుక్రవారం మా కంపెనీ సర్వర్లు ఆపి మూసేసింది. ఇప్పుడు తెరిస్తే తెల్ల తెర. కోడ్ ఏ మూలో ఉండే ఉంటుంది. కానీ బటన్ నొక్కితే అరక్షణం ఆలోచించి కదిలే దాని తీరు ఇంక ఎవరికీ కనబడదు. దానికోసం రాత్రుళ్ళు మేలుకునే అభిమానులూ లేరు.

డూమ్ తెరిచి ఏ మీటా నొక్కకుండా కాసేపు ఊరుకోండి. ఆటతో పాటే వచ్చిన రికార్డింగు ఒకటి దానంతటదే మొదలవుతుంది. ముప్పయ్యేళ్ళ కిందట ఎవరో మీటలు నొక్కారు. రాక్షసుడు ఇప్పటికీ సరిగ్గా అక్కడే పడతాడు.