లక్కచిలక

"అమ్మా, వీడి నోరు చూడు!" అని మా అమ్మాయి పెట్టిన కేకకి అట్లకాడ అక్కడే పడేసి పరుగెత్తాను. తొమ్మిదినెలల మా మనవడు రెండు పళ్ళ నోరంతా ఆకుపచ్చగా చేసుకుని నవ్వుతున్నాడు. చేతిలో తిరునాళ్ళలో కొన్న చిలక. సగం రంగు చిలక మీద, సగం వాడి నోట్లో!

కొన్నది నేనే. పదిరూపాయలు తగ్గించానని ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకున్నదీ నేనే.

మా అమ్మాయి రసాయనశాస్త్రం చదివింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. లెడ్ క్రోమేట్ అనే పసుపురంగులో సీసం ఉంటుందట. దానికి నీలం కలిపి ఆకుపచ్చా చేస్తారట. సీసం పసివాళ్ళ మెదడుకి చేసే చెరుపు మళ్ళీ బాగుపడేది కాదట. డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. ఆ నాలుగురోజులూ ఇంట్లో తాలింపు చప్పుడు తప్ప మాటల్లేవు. భయం లేదని తెలిశాక మావారు మొట్టమొదట అడిగింది కాఫీ.

తరవాత అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక వెళ్ళాం. బొమ్మలపెళ్ళిళ్ళకి మనం ఆడుకున్న లక్కపిడతల ఊరే! అంకుడు కర్ర గిర్రున తిరుగుతూంటే రంగు కలిపిన లక్కని దానికి అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపు. పెయింటు లేదు, టర్పెంటైను కంపు లేదు, చేసేవాళ్ళకి ఆ గాలి పీల్చే ఖర్మా లేదు. పసుపుకి మన వంటింటి పసుపే. నారింజకి జాఫ్రా గింజలు. నీలిమందు కలిపితే ఆకుపచ్చ. మధ్యలో అక్కడికీ రసాయనపు రంగులు వచ్చాయట. సి.వి. రాజుగారు పూనుకుని చెట్టుచేమల రంగుల్ని మళ్ళీ నిలబెట్టారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

"దీన్నే గ్రీన్ కెమిస్ట్రీ అంటారమ్మా. అనస్టాస్, వార్నర్ అని ఇద్దరు అమెరికావాళ్ళు 1998లో పన్నెండు సూత్రాలు రాశారు. చెత్త చేశాక ఎత్తిపోయడం కాదు, అసలు చేయకపోవడం మొదటిది" అంది అమ్మాయి.

మా అత్తగారు వంటింట్లో రోజూ అన్నది ఇదే. పాపం, ఆవిడ మాట ఎవరూ అచ్చేయలేదు!

"అయితే చెట్టునుంచి వచ్చిందల్లా మంచిదేగా?" అన్నాను హుషారుగా.

"గన్నేరుపప్పూ చెట్టుదేనమ్మా. ఏదైనా పరీక్ష చేసే వాడాలి. అంకుడు కర్రైనా అంతే, కొట్టినన్ని చెట్లు నాటకపోతే ఎన్నాళ్ళొస్తుంది?"

నోరు మూసుకున్నాను. చిలక ధర తిరునాళ్ళ చిలకకి మూడింతలు. బేరానికి నాలిక చివరిదాకా వచ్చిన మాట మింగేసి, అడిగినంతా ఇచ్చాను.

కారెక్కామో లేదో, వాడు చిలకముక్కు కొరకడం మొదలుపెట్టాడు. గుండె ఆగక వాడి నోట్లో వేలు పెట్టి తీసి చూశాను. చొంగ తప్ప ఏమీ అంటలేదు.