పరుగు గొప్పదా? పాస్ గొప్పదా?

మా యింటిలో చాలా కాలం సాగిన ఒక వాదమును గూర్చి మీతో పంచుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాము. అది ఆస్తి తగాదా కాదు, పెండ్లి సంబంధాల పేచీ అంతకన్నా కాదు. ఒక ఆట విషయము. ఆటే కదా అని తేలికగా అన్న ఒక్క మాటతో మేము మా చిన్నవాడి మనసు గాయపరచాము. అందుకే ఇది వ్రాస్తున్నాము.

మేము గుంటూరు జిల్లా నుండి అమెరికా వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. ఫిలడెల్ఫియా నగర శివారులో కాపురం. ఇద్దరు కుమారులు. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి చేరి అన్నాలు తినేసరికి ఇక్కడ ప్రతి యింటా టీవీలో ఫుట్‌బాల్ మొదలవుతుంది.

ఇది మన ఊళ్లలో కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. రెండు కొనలూ మొనదేలిన బంతిని చేతబట్టి ముందుకు సాగాలి. ఒక్కొక్క ప్రక్క 11 మంది. నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు సాగితే మరి నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. లేనిచో బంతి ఎదుటివారి పాలవుతుంది. బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ అనేవాని చేతికే. అతడు దానిని ప్రక్కవానికి అందించవచ్చు, దూరాన పరుగెత్తుతున్న తోటివానికి గాలిలో విసరవచ్చు (దీనినే పాస్ అంటారు), లేదా తానే పట్టుకొని పరుగెత్తవచ్చు. కొండల్లాంటి మనుషులు మీదికి వస్తుండగా ఇదంతా తేల్చుకోవడానికి చాలాసార్లు మూడు సెకండ్లకు మించి వ్యవధి ఉండదు.

మరి క్వార్టర్‌బ్యాక్‌కు ముఖ్యమైనది పాసా, పరుగా? ఇదే మా యింటి వాదము.

పెద్దవాడిది పాస్ పక్షం. "టామ్ బ్రేడీని చూడండి డాడీ. 2000లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు 199వ వాడుగా పోయాడు. పరుగు అంతంత మాత్రమే. అయినా ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచాడు. చివరిది గెలిచేనాటికి 43 ఏండ్లు. కాళ్లు ముందే ముసలివవుతాయి, చెయ్యి నిలుస్తుంది" అనేవాడు. రాబర్ట్ గ్రిఫిన్ సంగతి కూడా ఎత్తేవాడు. వాషింగ్టన్ జట్టులో 2012లో అడుగుపెట్టి, మొదటి యేటనే 815 గజాలు పరుగెత్తిన కుర్రవాడు. 2013 జనవరిలో మోకాలు దెబ్బతిన్నది. ఆ మొదటి యేటి వెలుగు మరి తిరిగి రాలేదు.

చిన్నవాడిది పరుగు పక్షం. "క్వార్టర్‌బ్యాక్ బంతి ప్రక్కవాడికిచ్చి ఊరకే నిలబడితే మనవాళ్లు పదిమందే కదా మమ్మీ, ఎదుట పదకొండుమంది! అతడు కూడా పరుగెత్తగలిగితే వాళ్లలో ఒకడు అతని మీద కన్నువేసి ఉండక తప్పదు. అప్పుడు లెక్క సరిపోతుంది" అనేవాడు. 2006లో మైకేల్ విక్ 1,039 గజాలు పరుగెత్తి, ఒక్క సీజనులో వెయ్యి దాటిన మొదటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడనీ, 2019లో లామార్ జాక్సన్ 1,206 గజాలు పరుగెత్తి అదే యేట 36 టచ్‌డౌన్ పాస్‌లతో అందరికన్నా ముందు నిలిచాడనీ వ్రేళ్లమీద లెక్కపెట్టేవాడు.

మేమిద్దరము పెద్దవాడి ప్రక్కనే ఉండేవాళ్లము. నిజం చెప్పాలంటే అందులో ఆట జ్ఞానం కన్నా భయమే ఎక్కువ. పరుగెత్తేవానికి దెబ్బలెక్కువ. మా చిన్నవాడు మహా పరుగుపోతు.

2022లో వాడు తొమ్మిదవ తరగతి. స్కూలు జట్టులో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాలని వేసవి అంతా పెరట్లో బంతి విసరడం నేర్చుకున్నాడు. దండెం మీది దుప్పట్లే వాడి గురి. చివరకు కోచ్ పిలిచి, "నీకు మంచి కాళ్లున్నాయి. బంతి పట్టుకొని పరుగెత్తే పని చెయ్యి. క్వార్టర్‌బ్యాక్‌గా వేరే అబ్బాయిని చూశాం" అన్నారట. ఒక్క పాస్ కూడా వేయించి చూడలేదట.

ఆ రాత్రి భోజనం దగ్గర వాడు ఇది చెప్పగానే మేమేమన్నామో తెలుసా? "పోనీలే నాన్నా. ఎవరికిచ్చిన వరం వాళ్లది. నీది కాళ్లు, అన్నయ్యది బుర్ర."

ఓదార్పు అనుకొనే అన్నాము. వాడు కంచంలో అన్నం అలాగే వదిలి లేచిపోయాడు. ఆ తరువాత కొన్ని వారాలు ఆదివారం టీవీ ముందుకు రాలేదు. వాదము లేక ఇల్లు బోసిపోయింది. "గెలిచావు గదరా" అని పెద్దవాడితో నవ్వుతూ అన్నాము. వాడు నవ్వలేదు.

"డాడీ, మీరు తమ్ముడితో అన్నది చాలా పాత మాట" అన్నాడు. వారెన్ మూన్ కథ చెప్పాడు. నల్లజాతివాడు. 1978 జనవరిలో తన కాలేజీ జట్టును రోజ్‌బౌల్‌లో గెలిపించాడు. చక్కగా విసిరేవాడు. అయినా ఆ యేట పెద్ద జట్లలో ఒక్కటీ అతణ్ణి ఎంచుకోలేదు. నల్లవానికి కాళ్లుంటాయి, ఆట నడిపే బుర్ర ఉండదు అనే తలంపు ఆ రోజుల్లో బలంగా ఉండేది. ఎందరో కుర్రవాళ్లను క్వార్టర్‌బ్యాక్ స్థానం నుండి పరుగు స్థానాలకు మార్చారు. మూన్ కెనడా వెళ్లి ఎడ్మంటన్ జట్టుతో వరుసగా ఐదుసార్లు ఛాంపియన్ అయ్యాడు. 1984లో తిరిగివచ్చి ఇక్కడ పేరు తెచ్చుకున్నాడు. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2018లో సైతం లామార్ జాక్సన్‌ను బంతి పట్టుకొనే స్థానానికి మారితే మంచిదన్నవారున్నారు. మొదటి విడతలో చిట్టచివర, 32వ వాడుగా తీసుకున్నారు. మరుసటి యేడే లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

మాకు నోట మాట రాలేదు. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో, ఉద్యోగంలో పైమెట్టు అడిగినప్పుడు, "మీవాళ్లు లెక్కల్లో గట్టివాళ్లు. మనుషులను నడిపించే పని మీకెందుకు?" అన్న మాట మేమూ విన్నాము. ఆ రాత్రి మాకూ అన్నం సయించలేదు. అదే మాటను మా నోటితోనే, మా బిడ్డతో అన్నాము.

2023 ఫిబ్రవరి 12న సూపర్‌బౌల్. మా ఊరి ఈగిల్స్‌కు, కాన్సస్ సిటీకి పోటీ. రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లూ నల్లజాతివారే కావడం సూపర్‌బౌల్‌లో అదే మొదటిసారి. మావాడు జేలెన్ హర్ట్స్‌కు పరుగువాడని పేరు. అవతలి పాట్రిక్ మహోమ్స్‌కు పాస్‌లవాడని పేరు. ఆ సాయంత్రం చిన్నవాడు చాలా రోజుల తరువాత వచ్చి అన్న ప్రక్కన కూర్చున్నాడు.

హర్ట్స్ పరుగుతో మూడు టచ్‌డౌన్‌లు చేశాడు. పాస్‌లతోనూ 304 గజాలు సాధించాడు. ఒకసారి మాత్రం పరుగులో బంతి చేజారి, దానిమీద ఎదుటివారు టచ్‌డౌన్ చేసుకున్నారు. చివరి నిమిషాలలో 35-35. అప్పుడు మహోమ్స్, చీలమండ దెబ్బతో కుంటుతున్నవాడు, విసరడానికి దారి దొరకక బంతి చేతబట్టి 26 గజాలు పరుగెత్తాడు. ఆ పరుగు తరువాత కొద్దిసేపటికే మూడు పాయింట్లు. 38-35తో మేము ఓడిపోయాము.

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. "పాస్‌లవాడు పరుగుతో గెలిచాడురా" అన్నాడు పెద్దవాడు. "పరుగువాడు పాస్‌లతో దాదాపు గెలిచేశాడు" అన్నాడు చిన్నవాడు.

అందరూ వెళ్లిపోయాక మేము వాడి గదికి వెళ్లి, "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది నాన్నా, మమ్మల్ని క్షమించు" అన్నాము. బిడ్డను క్షమాపణ అడగడం మా పెంపకంలో లేని అలవాటు. మాటలు తడబడ్డాయి. వాడు కాసేపు ఊరకుండి, "సరే మమ్మీ. బిర్యానీ ఏమైనా మిగిలిందా?" అన్నాడు.

మరుసటి సీజనుకు ముందు వాడు మళ్లీ వెళ్లి కోచ్‌ను అడిగాడు. ఈసారి మేమూ వెంట వెళ్లి, వాడు విసరడం ఒక్కసారి చూడమని కోరాము. రెండవ క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకున్నారు. ఎక్కువ మ్యాచ్‌లు బెంచీ మీదే గడిచాయి. అయినా వాడి ముఖంలో ఆ పాత చీకటి లేదు.

మా అభిప్రాయం అడిగితే, ఏండ్ల తరబడి నిలిచేది పాస్ అనే ఇప్పటికీ అంటాము. అయితే పాస్‌కూ పరుగుకూ వెనుక ఉన్నది ఒకటే. ఆ మూడు సెకండ్లలో మైదానం అంతా చూసి, ఏది చేయాలో తేల్చుకోగల కళ్లు. కాళ్లున్నవానికి కళ్లు ఉండవనుకోవడమే పొరపాటు. ఆ పొరపాటు కోచ్ కన్నా ముందు తలిదండ్రులమే చేస్తాము.

2025 ఫిబ్రవరిలో అదే హర్ట్స్, అదే కాన్సస్ సిటీని 40-22తో ఓడించి ఆ ఆటలో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ రాత్రి కాలేజీ నుండి పెద్దవాడు ఫోన్ చేశాడు. తమ్ముడు ఫోన్ అందుకొని మొదట అన్న మాట: "అన్నయ్యా, ఇప్పుడేమంటావు? పరుగా, పాసా?"