అబ్బా పరిపించిన బండలు

రంజాన్‌లో అసర్ దాటాక మా బావర్చీఖానాలో ఎవరూ నెమ్మదిగా నడవరు. మిర్చీలు వేయించి దింపిన కడాయి మా బేగం మోచెయ్యి తగిలి ఒరిగింది. అల్లా దయవల్ల ఎవరి కాళ్ల మీదా పడలేదు. నూనె మాత్రం గడప దాటి, అబ్బా నమాజు చదివే మూల దాకా పారింది.

తెల్లాపూర్‌లో ఇప్పుడు ఎటు చూసినా టవర్లే, లోపల అద్దాల్లాంటి టైల్సే. మా పాత ఇంట్లో ఇంకా షాబాదు బండలు. గుల్బర్గా పక్కనున్న షాబాద్ ఊరి పేరే వాటికి. పటాన్‌చెరులో షిఫ్టు డ్యూటీలు చేసి దాచిన పైసలతో అబ్బా తెప్పించారు. మేస్త్రీ పక్కనే కూర్చుని ఒక్కో బండా తట్టి చూసి పరిపించారు.

2019లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. చెహ్లుమ్ నాడు పడ్డ నూనె మరక పోవాలని నేను బాత్‌రూం కడిగే యాసిడ్ పోశాను. బుసబుసా నురగ వచ్చింది. మురికి పోతోందని సంబరపడ్డాను. పోయింది బండ. అది సున్నపురాయి కదా, యాసిడే కాదు, సిర్కా, నిమ్మరసం కూడా తినేస్తాయి. అరచేయంత తెల్లటి గరుకు మచ్చ మిగిలింది. అమ్మీ ఒక్క మాటా అనలేదు, దాని మీద బోరియా పరిచేసింది. తిట్టినా బాగుండేది.

ఈసారి నేను గుడ్డ తీసుకుని వంగేసరికి, "ఠైర్ బేటా, రగడ్ నక్కో" అంది. రుద్దితే నూనె ఇంకా పాకుతుంది, లోపలికీ దిగుతుంది. చల్లారనిచ్చి, పాత లుంగీ ముక్కలతో అంచుల నుంచి మధ్యకు అద్దింది. గుప్పెళ్లతో మైదా చల్లింది. ఇరవై నిమిషాల్లో అది నూనె తాగి ముద్దయ్యింది. ఎత్తి చెత్తబుట్టలో వేశాం. మోరీలో వేస్తే అక్కడ గడ్డకట్టి ఇంకో ముసీబత్. తర్వాత గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం, మెత్తటి బ్రష్. మగ్రిబ్ అజాన్ కల్లా జారుడు పోయింది. అమ్మీ మోకాళ్ల సంగతి తెలుసు కాబట్టి నాకు అసలు భయం ఆ జారుడుతోనే.

రాయి తాగేసిన నూనె మాత్రం నల్లగా అలాగే ఉంది. ఇషా తర్వాత ముల్తానీ మట్టి తీశాం, మా ఆపా మొహానికి రాసుకునేదే. ఉన్ని బట్టల జిడ్డు తీయడానికి వెనకటికి ఇలాంటి మట్టే వాడేవారు. నీళ్లతో చిక్కగా కలిపి, వేలి మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పాం. మర్నాడు రాత్రి కవర్ తీసి ఆరనిస్తే పెళ్లలుగా లేచింది. మరక సగం తగ్గింది. మూడోసారికి కనిపించీ కనిపించనట్టయ్యింది.

పాత తెల్ల మచ్చకు మట్టి పనిచేయదు. పాలిష్ మేస్త్రీ వచ్చి అరగదీయాలి. పిలిపించనా అని అమ్మీని అడిగాను, ఇన్నేళ్లలో మొదటిసారి.

బోరియా పక్కకు జరిపి, "ఈద్ సే పైలే హోజాతా క్యా?" అంది.