పిడి పొడవు

పనిని మనిషికి అమర్చే శాస్త్రమే ఎర్గోనామిక్స్ అనీ, 1857లో పోలండు శాస్త్రవేత్త యస్త్‌షెంబోవ్‌స్కి ఆ పేరు పెట్టాడనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ప్రాజెక్టుకు మాత్రం మాస్టారు నన్ను మా వినుకొండకే పొమ్మన్నారు. మిరపతోటలో నడుం వంచి కలుపు తీసే ఆడవాళ్ళ కోసం, నిలబడి వాడే పొడుగు పిడి దోకుడుపార చేయించి పట్టుకెళ్ళాను. పిడి కొలత హాస్టల్లో మా కుర్రాళ్ళ మోచేతి ఎత్తును బట్టి తీసుకున్నది. పావుగంట పనిచేసి మా పిన్నమ్మ భుజం పట్టుకుంది.

"ఒరే అబ్బాయ్, ఇది నాకు చేశావా, నీకు చేసుకున్నావా?"

సిగ్గేసింది. మర్నాడు టేపుతో పన్నెండు మంది ఆడకూలీల మోచేతి ఎత్తులు కొలిచాను. పిడి బెత్తెడు తగ్గింది. పిన్నమ్మ ఆ పార మళ్ళీ ఇవ్వలేదు. మాస్టారికి బొమ్మ గీసి చూపించాను.