రాయనుకుంటే... పువ్వు పూసింది!

కాళ్ల కింద అన్నీ గులకరాళ్లే. బూడిద రంగువి, ఇటుక రంగువి, కాఫీపొడి చల్లినట్టుండేవి. వాటిల్లో కొన్నింటికి ప్రాణముంది. ఏవో చెప్పుకోండి చూద్దాం! దక్షిణాఫ్రికాలోని ప్రీస్కా చుట్టుపక్కల నడిచేవాళ్లకు ఎదురయ్యే పొడుపుకథ ఇది.

వజ్రాల గనులకు పేరుబడ్డ కింబర్లీ నుంచి నైరుతి దిక్కుగా రెండొందల కిలోమీటర్లు దాటితే, ఆరెంజ్ నది ఒడ్డున వస్తుందా చిన్న ఊరు. పేరుకు అర్థం 'తప్పిపోయిన ఆడమేక ఉన్న చోటు' అని చెబుతారు. ఏడాదంతా కలిపి అక్కడ కురిసే వాన 200 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. కరవుసీమ అని మనం చెప్పుకునే అనంతపురంలోనే 500 దాటుతుంది!

1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఎడ్లబండి కట్టుకుని ఈ దారిన వెళ్తూ, వింతగా ఉందని ఓ గులకరాయిని చేతిలోకి తీసుకున్నాడు. తీరా చూస్తే అది మొక్క! ఆ ముచ్చట 1822లో తన యాత్రాగ్రంథంలో రాశాడు. సరిగ్గా వందేళ్లకు, 1922లో, ఎన్.ఇ. బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కల ప్రజాతికి 'లిథాప్స్' అని పేరుపెట్టాడు. గ్రీకులో లిథోస్ అంటే రాయి, ఆప్స్ అంటే ముఖం. రాతిమొహం మొక్కన్నమాట.

దీనికి ఉన్నదల్లా రెండాకులు. బొద్దుగా, ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో చిన్న చీలికతో ఉంటాయి. ఒంట్లో ఎక్కువ భాగం మట్టిలోనే. పైకి కనిపించేది ఓ రూపాయి బిళ్లంత. ఆ పైభాగం కిటికీ అద్దంలా పనిచేసి ఎండను లోపలికి పంపిస్తుంది. వంట నేలమాళిగలో జరుగుతుంది. రాయిలా కనిపించడం ఎందుకంటారా? ఆకుల నిండా నీళ్లే. ఎడారిలో దాహంతో తిరిగే జంతువు కంటపడితే ఇంకేమైనా ఉందా!

జంతువుల నుంచి తప్పించుకుంది కానీ మనుషుల నుంచే కష్టమైపోయింది. ఆఫ్రికా భాషల వ్యాకరణం బోధించే డెస్మండ్ కోల్ అనే ఆచార్యుడు, భార్య నౌరీన్‌తో కలిసి ఏళ్ల తరబడి ఈ నేలలన్నీ తిరిగి నాలుగొందలకు పైగా లిథాప్స్ గుంపులకు నెంబర్లు ఇచ్చారు. విత్తనాల ప్యాకెట్ల మీద 'సి' అక్షరంతో కనిపించేవి ఆ నెంబర్లే. ఇప్పుడు మొక్కల చిరునామా బయటపెట్టాలంటేనే భయం. 2019 తర్వాత దక్షిణాఫ్రికాలో ఇలాంటి బుల్లి ఎడారి మొక్కల దొంగతనాలు బాగా పెరిగాయి. పట్టుబడినవే లక్షల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం లిథాప్స్‌కు దగ్గరి చుట్టమైన కోనోఫైటమ్‌లు. దశాబ్దాలు బతికే మొక్కను పీకడానికి నిమిషం చాలు. కాబట్టి కొనేటప్పుడు విత్తనంతో పెంచిందేనా అని అడగండి. నీలం, గులాబీ రంగుల లిథాప్స్ అంటూ ఆన్‌లైన్‌లో ఊరించే ఫొటోలను మాత్రం నమ్మకండి. అలాంటి నీలం రాళ్లు ఏ ఎడారిలోనూ లేవు.

మరి మన బాల్కనీలో బతుకుతుందా? బతుకుతుంది, మనం ఊరుకోగలిగితే. దీన్ని చంపేది ఎండ కాదు, ప్రేమగా రోజూ పోసే చెంబుడు నీళ్లు. నాలుగంగుళాల లోతున్న, అడుగున చిల్లున్న కుండీ తీసుకోండి. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, చిన్న గులకలే మూడొంతులు పైగా ఉండాలి. కంపోస్టు గుప్పెడు చాలు. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలాలి. మే నెల మధ్యాహ్నాల్లో మాత్రం నీడకు జరపండి. వానాకాలంలో సజ్జా కిందికి చేర్చకపోతే రెండు ముసుర్లకే కుళ్లిపోతుంది.

పక్కలు ముడతలు పడ్డప్పుడు మాత్రమే నీళ్లు. అదీ ఒకసారి బాగా తడిపి, మళ్లీ పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. చలికాలంలో అదీ వద్దు. అప్పుడు పాత ఆకుల చీలికలోంచి కొత్త జత వస్తుంది. పాతవాటిలోని నీళ్లు తాగే అది పెరుగుతుంది. పాతవి కాగితంలా ఎండి రాలిపోతాయి. వాడిపోతోంది పాపం అని మనం జాలిపడి నీళ్లు పోశామో... పాతవి ఎండవు, కొత్తవి ఎదగవు, రెండూ చెడతాయి.

విత్తనం వేస్తే పువ్వుకు మూడేళ్లు పట్టొచ్చు. కాయ తమాషాగా ఉంటుంది. వానచుక్క పడితే తెరుచుకుని నలకల్లాంటి గింజల్ని చిమ్ముతుంది, ఆరగానే మూసుకుంటుంది. అయితే ఒక్క మొక్కే ఉంటే కాయ కట్టదు, వేరే మొక్క పుప్పొడి కావాలి. అందుకే రెండు కుండీలు తెచ్చుకోండి.

పూసేది మామూలుగా వానలు వెనకబట్టాక. తెల్లగానో పచ్చగానో చిన్న చామంతిలా, ఒక్కోసారి మొక్కనే కప్పేసేంత పువ్వు. మధ్యాహ్నం విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. అలా కొద్ది రోజులే. ఆఫీసులకెళ్లేవాళ్లకు ఆదివారం దక్కితే దక్కినట్టు.