చచ్చి బ్రతికిన జట్టు

ఇంగ్లండు ఫుట్‌బాల్ అనగానే మనవాళ్లకు మాంచెస్టరూ, లివర్‌పూలూ జ్ఞాపకం వస్తాయి. ఆ మాంచెస్టరుకు ఉత్తరంగా యిరవై మైళ్ల దూరంలో, కొండల మధ్య ఆక్రింగ్టన్ అనే వూరు వుంది. జనాభా సుమారు 35 వేలు. మన వైపయితే ఓ మాదిరి మునిసిపాలిటీ అన్నమాట. ఆ వూరి జట్టు పేరు ఆక్రింగ్టన్ స్టాన్లీ. ఈ పేరు వినని ఇంగ్లీషువాడు అరుదు. గొప్పగా ఆడినందుకు కాదు, చచ్చి బ్రతికినందుకు!

లాంకషైర్‌లోని యీ వూళ్లన్నీ ఒకప్పుడు నూలుమిల్లుల వూళ్లు. మన నేతగాళ్ల మగ్గాలను మూలబెట్టిన సీమగుడ్డ యీ ప్రాంతంలో తయారయిందే. ఇప్పుడా మిల్లుల చప్పుడు లేదు. పాత గోడల ఎర్ర యిటుకల మీద ‘నోరి’ అన్న ముద్ర చూసి నేను నవ్వుకున్నాను. నోరి నరసింహశాస్త్రిగారి యింటిపేరు యిక్కడికెలా వచ్చింది? యినుమంత గట్టి యిటుక అని ‘ఐరన్’ అచ్చు వేయబోతే అక్షరాలు తిరగబడ్డాయట!

1850 నాటి చట్టంతో శనివారం మధ్యాహ్నం రెండింటికే మిల్లులు ఆపవలసి వచ్చింది. ఆ సగంపూట సెలవులోనే కార్మికుల ఫుట్‌బాల్ పెరిగింది. 1888లో 12 జట్లు కలిసి లీగు పెట్టుకుంటే, అందులో ఆరు లాంకషైర్‌వే. ఆక్రింగ్టన్ వాటిలో ఒకటి. అయిదేళ్లకే అది తప్పుకుంది. 1891లో పుట్టిన స్టాన్లీ జట్టు వూరి పేరును నెత్తి కెత్తుకుని, 1921లో లీగులో చేరింది.

ఈ లీగు అచ్చంగా మన వైకుంఠపాళి. ఇప్పుడు నాలుగు అంతస్తులు, 92 జట్లు. ఆగస్టులో పందెం మొదలు, మే నెలకు ఫలితం. పైన నిలిచినవాళ్లకు నిచ్చెన, అడుగున పడ్డవాళ్లకు పాము.

స్టాన్లీని మింగింది మాత్రం అప్పు. 1958లో ఆల్డర్‌షాట్ సైనిక ప్రదర్శనశాల నుంచి ఓ పాత ప్రేక్షకశాలను 1,450 పౌన్లకు కొన్నారు. విప్పి, మోసుకొచ్చి, నిలబెట్టేసరికి ఖర్చు యెన్నో రెట్లయింది. 1962 మార్చి నాటికి అప్పు దాదాపు 60,000 పౌన్లు. యిక మావల్ల కాదని లీగుకు ఉత్తరం వ్రాశారు. అంతలో సాయం చేస్తామని కొందరు ముందుకు రాగా, ఉత్తరం వెనక్కి యిమ్మన్నారు. లీగు వొప్పుకోలేదు. అప్పటికి ఆడిన 33 ఆటల ఫలితాలనూ పట్టికలోంచి కొట్టేశారు. ఆ ఖాళీలోకి ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ వచ్చింది. స్టాన్లీ కొన్నేళ్లలోనే మూతపడింది.

1968లో వూరివాళ్లు ఓ కార్మికుల క్లబ్బులో సమావేశమై, జట్టును మళ్లీ నిలబెట్టాలని తీర్మానించారు. 1970లో కొత్త మైదానంలో, చిన్న చిన్న పోటీలతో ఆట మొదలయింది. 1980 దశకం చివర టెలివిజన్‌లో వచ్చిన పాల ప్రకటన ఒకటి, యీ జట్టెవరో పిల్లలకు తెలియదన్నట్టు హాస్యమాడింది. 1999లో జాన్ కోల్మన్ శిక్షకుడుగా వచ్చాక, యేడేళ్లలో మూడు మెట్లెక్కి 2006లో స్టాన్లీ తిరిగి లీగులో అడుగుపెట్టింది. అదే యేడు లీగు నుంచి క్రిందికి జారిన రెండు జట్లలో ఒకటి ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్! కథలో వ్రాస్తే సంపాదకులు నమ్మరు.

2018లో నాలుగో అంతస్తు విజేతలై పైకి వెళ్లారు. 2023లో మళ్లీ దిగారు. ఇదేమీ వాళ్లకు కొత్త కాదు.

నేను చూసిన శనివారం క్రౌన్ గ్రౌండులో సన్నగా వాన పడుతూ వుంది. అయిదువేల పైచిలుకు మందికి చోటున్న చిన్న మైదానం. తాతలూ మనుమలూ కలిసి వచ్చారు. నా ప్రక్కన నిలబడ్డ పెద్దాయన 1962లో బడిపిల్లవాడట. జట్టు గెలిచిందనడు, ‘వుయ్’ గెలిచామంటాడు. ఇంగ్లీషులో ‘మేము’కూ ‘మనము’కూ తేడా లేదు గదా, ఏదని అర్థం చేసుకోవాలని తెలుగు మేష్టరుగా కాసేపు ఆలోచించాను. ఇంతలో ఆయన వేడి టీ కప్పు నా చేతికిచ్చి, కాస్త జరిగి గొడుగు క్రిందికి రమ్మన్నాడు. ‘మనం’ అనే అర్థం చేసుకున్నాను.